భుజం దగ్గర నిలవని భుజం ప్యాడ్

మగవాళ్ల స్మాల్ సైజు రైడింగ్ జాకెట్ తొడుక్కుని, బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాచేసరికి, మోచేతి ప్యాడ్ కాస్తా ముంజేయి మధ్యకు తిరిగిపోయింది. ఇదేమిటని నేను అడిగితే ఆ దుకాణం అబ్బాయి ఈయన వైపు తిరిగి, "బండి మీద కూర్చుంటే అదే సర్దుకుంటుంది సార్" అన్నాడు. అడిగింది నేను, తొడుక్కున్నది నేను, డబ్బు కట్టబోయేది నేను, బండి నాది. ఇంత రాత్రయినా ఆ "సార్" చెవిలోంచి పోవడం లేదు కనుక ఇక్కడ రాసి వదిలించుకుంటాను.

ఈయన నవ్వి ఊరుకున్నారు. ఈయన సంగతి మీకు తెలిసిందే. ఎవరినైనా నొప్పించడం కంటే ఏదో ఒకటి కొనేసి బయటపడడం మేలని నమ్మే మనిషి. ఆ నవ్వు చూసి అబ్బాయికి ధైర్యం వచ్చింది కాబోలు, "మేడమ్ వెనక కూర్చోవడానికే కదా సార్, ఇంత ప్యాడింగ్ ఎందుకు, ఈ పల్చటిది చాలు" అని ఇంకొకటి తీశాడు. వెనక కూర్చున్నవాళ్ల కోసం రోడ్డు మెత్తబడుతుందా అని అడగబోయి, పాప పక్కనే ఉందని ఆగిపోయాను.

మాట తీరు పోనీ అనుకున్నా, చెప్పిన విషయమైనా సరిగ్గా చెప్పాలి కదా. మెడ దగ్గర వేలాడుతున్న చీటీ మీద సీఈ అన్న అక్షరాలు చూపించి, మొత్తం జాకెట్‌కే యూరప్ సర్టిఫికెట్ ఉందని వాదించాడు. లోపలి జిప్పు తీసి చూస్తే, ఆ గుర్తు భుజాల, మోచేతుల ప్యాడ్ల మీద మాత్రమే ఉంది. వాటికి వర్తించేది ఈఎన్ 1621-1 అనే యూరప్ ప్రమాణం. జాకెట్ గుడ్డకూ కుట్లకూ వర్తించేది ఈఎన్ 17092, అది 2020లో వచ్చింది. దాని ప్రకారం పరీక్షించిన జాకెట్ లోపలి లేబుల్ మీద ఏ, ఏఏ, ఏఏఏ అని తరగతి అచ్చువేసి ఉంటుంది. ఈ జాకెట్‌లో అటువంటి లేబులే లేదు. వీపు జేబులోంచి బయటికి లాగినదైతే, కొత్త టీవీ డబ్బాలో పెట్టే స్పాంజి ముక్క లాంటిది. దాని మీద ఏ ప్రమాణమూ లేదు. చాలా జాకెట్లలో వీపు దగ్గర ఇలా ఖాళీ నింపడానికి స్పాంజే పెడతారు, అసలైన ప్యాడ్ మనమే విడిగా కొనుక్కోవాలి. ఆ సంగతి కొనేవాళ్లకు నోటితో చెబితే పోయేదేముంది? వేలకు వేలు పెట్టేవాడు స్పాంజిని నమ్ముకుని శ్రీశైలం ఘాట్ ఎక్కుతాడు. మన దేశంలో హెల్మెట్‌కైతే ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేశారు గానీ, జాకెట్‌ను అడిగే నాథుడు లేడు.

ఇంతకీ నాకు ఈ పట్టింపు బాబాయి వల్ల వచ్చింది. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే దారిలో, నల్లమల ఘాట్ మలుపులో ఆయన బండి జారింది. పెద్ద వేగం కూడా కాదు, మలుపులో ఎవరైనా వెళ్లే వేగమే. ఆ రోజుల్లో ఎవరికి జాకెట్లు. ఒంటి మీద పెళ్లిళ్లకు తొడుక్కునే టెర్లిన్ చొక్కా ఉంది. రోడ్డు మీద ఈడ్చుకుపోయిన వేడికి ఆ టెర్లిన్ కరిగి మోచేతి చర్మానికి అంటుకుపోయింది. ఆసుపత్రిలో డాక్టరు గారు చిమటాతో ఆ గుడ్డ పోగులను ఒక్కొక్కటిగా తీస్తుంటే, పిన్ని తల దగ్గర నిలబడి విసనకర్రతో విసురుతూ, నొప్పి మాట ఎత్తకుండా, ఆ చొక్కా ఎంత పెట్టి కొన్నారో, ఎవరి పెళ్లికి కొన్నారో చెబుతూనే ఉంది. నేను గుమ్మంలో నిలబడి అంతా విన్నాను. చర్మం రెండు నెలల్లో మానింది, మచ్చ మిగిలింది. కానీ కుడి భుజం నేలకు తగిలిన దెబ్బ మానలేదు. ఇప్పటికీ ఆంజనేయస్వామి గుడిలో గంట కొట్టాలంటే బాబాయి ఎడమ చేయే ఎత్తుతాడు, కొత్త పూజారి అది గమనించి తప్పు పట్టబోతే పిన్ని ఆయన మీద లేచిన వైనం మరో రాత్రి రాస్తాను.

మధ్యాహ్నమంతా నేను గుడ్డ గురించే ఆలోచించాను. జర్మనీలోని డార్మ్‌స్టాట్ పేరుతో ఒక యంత్రం ఉంది. గుడ్డ ముక్కను గిరగిరా తిప్పి కాంక్రీటు పలక మీదికి వదిలి, ఆగేలోపు చిల్లు పడిందో లేదో చూస్తారు. భుజాలు, మోచేతులు వంటి చోట్ల ఒంటి 'ఏ' తరగతి గుడ్డ సుమారు 45, ఏఏ 70, ఏఏఏ 120 కిలోమీటర్ల వేగానికి సరిపడే రాపిడిని తట్టుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను ఎలాగూ రానివ్వరు కనుక, ఉప్పల్ నుంచి మాదాపూర్‌కు పోయే నాకు ఏఏ ధారాళంగా చాలునని, బరువెక్కువైనా దట్టమైన కార్డూరా నైలాన్ జాకెట్టే తీసుకోవాలని తేల్చుకుని ఇంటికి వచ్చాను.

బాబాయి భుజం గురించి రాశాక ఆ నిర్ణయం నిలవడం లేదు. ఆయనను ఇంతకాలం బాధపెట్టింది రాపిడి కాదు, దెబ్బ. ప్యాడ్ చేసే పని ఆ దెబ్బ బలాన్ని పరచి తగ్గించడం; పరీక్షలో అటువైపుకు దిగే బలం సగటున మొదటి స్థాయి ప్యాడ్‌కు 35 కిలోన్యూటన్లు, రెండవ స్థాయికి 20 దాటకూడదు. అయితే ఆ ప్యాడ్ ఎముక మీద ఉంటేనే ఈ అంకెలకు అర్థం. మగవాళ్ల భుజాల వెడల్పుకు కుట్టిన జాకెట్‌లో నా భుజం ప్యాడ్ భుజం దాటి చేతి మీద కూర్చుంటుంది. అటువంటప్పుడు గుడ్డ ఏ తరగతిదైతే ఏమిటి? అద్దం ముందు నిలబడినప్పుడు హాయిగా అనిపించే వదులే బండి మీద శత్రువు. కూర్చుని, చేతులు చాచి, మోచేతి పై పట్టీ బిగించి, ఎవరినైనా ఆ ప్యాడ్‌ను పట్టుకుని తిప్పమనాలి. తిరిగితే ఆ జాకెట్ నాది కాదు.

వీధి చివర టైలరు చేత భుజాలు తగ్గించి కుట్టిద్దామని ఈయన భోజనాల దగ్గర అన్నారు. భుజం కుట్టు విప్పి ఇంట్లో చొక్కాకు వాడే దారంతో మళ్లీ వేస్తే, గుడ్డ నిలిచినా కుట్టు విడిపోతుంది. పైన కనబడే రెండు మూడు వరుసల కుట్టు అలంకారం కోసం కాదు. మోచేతి వెల్క్రో పట్టీని కాస్త లోపలికి జరిపించడం వరకైతే ఒప్పుకుంటాను.

కాబట్టి ఆడవాళ్ల కొలతతో కుట్టినది కావాలి, ఆ రకాలు దుకాణాల్లో తక్కువ, ఉన్నవాటిలో ఎక్కువ మెష్‌వే, అంటే గాలి ఆడే వలలాంటి గుడ్డవి. మెష్ అంటే నాకున్న చిన్నచూపు కూడా తగ్గించుకోక తప్పదు. మే నెలలో గాలి ఒంటి కంటే వేడిగా ఉన్నప్పుడు మెష్ చల్లగా ఉంటుందనుకోవడం భ్రమే. ఆ గాలి చెమటను క్షణాల్లో ఆర్పేసి నీరసం తెస్తుంది, లోపల తడిపిన నూలు చొక్కా ఉంటేనే కొంత ఊరట. కానీ నా దారిలో సగం సమయం సిగ్నళ్ల దగ్గరే గడుస్తుంది, అక్కడ దట్టమైన నైలాన్‌లో ఉడికిపోయి, రెండో వారానికి దాన్ని తలుపు వెనక చిలక్కొయ్యకు తగిలిస్తానని నాకే తెలుసు. భుజాలకు, మోచేతులకు దట్టమైన గుడ్డ, రాపిడి తక్కువ తగిలే చోట్ల మెష్ ఉన్న రకం, ఒంటి 'ఏ' తరగతిదైనా సరే, ఏఏ దొరికితే మరీ మంచిది, అదే చూస్తాను.

వానకాలం వస్తోంది, లోపల తగిలించే రెయిన్ లైనర్ ఉన్నదే తీసుకోమని అత్తయ్య అంటున్నారు. వాన మొదలయ్యాక రోడ్డు పక్కన జాకెట్ విప్పి లైనర్ తొడగాలి, పై గుడ్డ ఎలాగూ నానుతుంది, దాని బరువు మోయాలి. పైన వేసుకునే రెయిన్‌కోటు ఇంట్లో ఉండనే ఉంది. లైనర్ లేని రకం తీసుకుని, మిగిలిన డబ్బుతో వీపు స్పాంజి తీసేసి, వీపు ప్యాడ్లకు వర్తించే ఈఎన్ 1621-2 ప్రకారం రెండవ స్థాయి ప్యాడ్ పెట్టిస్తాను. ఆ జేబు కొలత తీసుకోవడానికి పాప జామెట్రీ బాక్సులోని స్కేలు బ్యాగులో వేసుకున్నాను.