కొల్లేరు పచ్చబడితే ఎవరి కడుపు నిండుతుంది?

నీళ్లు చిక్కగా పచ్చబడ్డాయంటే చేపలకు మేత పెరిగినట్టేనని కొల్లేరు చుట్టుపక్కల చాలామంది నమ్మకం. మేత పెరిగే మాట నిజమే, కానీ అది చేప దాకా చేరదు.

ముందు లెక్క చూడండి. 50 కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. అందులో 1 గ్రాము నీళ్లలో కలిస్తే 110 గ్రాములకు పైగా ఎండు నాచుకు సరిపోతుంది. ఆ నాచు చచ్చి కుళ్లడానికి దాదాపు 140 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 30 డిగ్రీల దగ్గర లీటరు నీరు గాలి నుంచి పట్టుకోగలిగేది 7.5 మిల్లీగ్రాములే. అంటే ఒక్క గ్రాము భాస్వరం దాదాపు 19 వేల లీటర్ల నీటిలోని ఆక్సిజన్‌ను మింగేయగలదు! బుడమేరు, తమ్మిలేరు, పొలాల డ్రెయిన్లు, చేపల చెరువుల నీరు అన్నీ వచ్చిపడేది కొల్లేరులోకే. సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే.

మామూలుగా సన్నటి నాచు కణాలను మోయినా లాంటి కంటికి ఆనీ ఆనని నీటి జీవులు తింటాయి. వాటిని పరిగెలు, పరిగెలను వాలుగ, కొర్రమీను, ఆ చేపలను ఆటపాక పక్షి కేంద్రంలోని గూడబాతులు (పెలికన్లు) తింటాయి. పోషకాలు మితిమీరితే మైక్రోసిస్టిస్ లాంటి నీలి-ఆకుపచ్చ నాచు పైచేయి సాధిస్తుంది. అది జిగురు గుంపులుగా పెరుగుతుంది కాబట్టి మోయినా నోట పట్టదు. పట్టినా దాని ఎదుగుదలకు కావలసిన కొవ్వులు అందులో తక్కువ, కొన్ని రకాల్లో విషం కూడా ఉంటుంది. గొలుసు తెగేది ఇక్కడే. తినేవాళ్లు లేని నాచు అడుగుకు దిగి బాక్టీరియా పాలవుతుంది. వెలుతురు అందక నీటి లోపలి మొక్కలు పోతాయి, వాటితోపాటే చేపపిల్లలు దాక్కునే చోటూ పోతుంది.

వలలో బరువు వెంటనే తగ్గకపోవచ్చు, తగ్గేది రకాలు. పైకి వచ్చి గాలి పీల్చుకోగల కొర్రమీను, మార్పు అనే చేప తట్టుకుంటాయి. బొచ్చె, శీలావతి తట్టుకోలేవు. చేపలు తేలేదాకా ఎదురుచూస్తే ఆలస్యమైనట్టే.

నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి పీల్చుకుంటుంది, కాబట్టి ఆక్సిజన్‌ను ఉదయం పదింటికి కొలిచి బాగుందనుకోవద్దు. తెల్లవారుజామున 5కి, మధ్యాహ్నం 3కి ఒకేచోట, అడుగుకు జానెడు పైన కొలవాలి. మధ్యాహ్నం లీటరుకు 12 మిల్లీగ్రాములు దాటి, తెల్లవారేసరికి 2కు పడిపోతుంటే నాచు మితిమీరినట్టే. పగలు పీహెచ్ 9 దాటితే నీటిలోని అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది, అదీ చూసుకోవాలి.

ఎరువు రావడం ఆగినా నీళ్లు వెంటనే తేటపడవు. ఆక్సిజన్ లేని బురదలో ఇనుముతో ముడిపడ్డ భాస్వరం విడివడి మళ్లీ పైకొస్తుంది. ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. కాపర్ సల్ఫేట్ చల్లితే నాచంతా ఒక్కసారే చచ్చి, ఆ రాత్రికే ఆక్సిజన్ అడుగంటవచ్చు. గుర్రపుడెక్కను లాగి గట్టున కుప్పపోస్తే తొలివానకే దాని సారమంతా తిరిగి నీళ్లలోకి దిగుతుంది, కాబట్టి దూరంగా తరలించి కంపోస్టు చేయాలి. డ్రెయిన్ నీటిని కిక్కిస, జమ్ము మొలిచిన మడుగుల్లో కొన్నాళ్లు నిలిపి వదలడం మేలు. ఆ జమ్మునూ ఏటా కోసి బయటికి తీయాల్సిందే.