చింతామణి దాటాక బోర్డులు మారతాయి

అమెరికాలో ఉంటున్న మా చెల్లెలు ప్రతి ఆదివారం పిల్లల్ని కారెక్కించుకుని తెలుగు బడికి తీసుకెళ్తుంది. అక్కడ అది తప్పదని వాళ్లకి తెలుసు. బెంగళూరులో ఉన్న మనకి ఆ కంగారు ఉండదు. పక్క రాష్ట్రమే కదా, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఊళ్లో దిగుతాం, పిల్లలకి భాష దానంతటదే వచ్చేస్తుందిలే అనుకుంటాం. కానీ రాదు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకి తెనాలి ఎంత దూరమో డల్లాస్‌లో పెరిగిన పిల్లలకీ అంతే దూరం.

మా ఇంటి సంగతే చూడండి. ఎదురింట్లో బెంగాలీలు, పక్కింట్లో తమిళులు. కింద ఆడుకునేటప్పుడు హిందీ, ఇంగ్లీషు కలిపి కొట్టేస్తారు. స్కూల్లో ఇంగ్లీషు, వ్యాన్ అంకుల్‌తో కన్నడ. ఇక తెలుగు మిగిలేది నాతో, వాళ్ల నాన్నతో. అదైనా ఎంత? తిన్నావా, చదివావా, ఫోన్ పక్కన పెట్టు. మాకు ఇంగ్లీషు వచ్చని వాళ్లకి తెలుసు కాబట్టి కాస్త కష్టమైన మాట చెప్పాల్సి వస్తే వెంటనే అందులోకి దూకేస్తారు. అందుకే వాళ్లకి తెలుగుతో నిజంగా పని పడే చోటికి తీసుకెళ్లాలని నేను గట్టిగా నమ్ముతాను. బెంగళూరు వాళ్లకి ఆ చోటు సుమారు 150 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆంధ్రలో మదనపల్లె దగ్గరి కొండ, హార్స్‌లీ హిల్స్.

శనివారం తెల్లవారకముందే బయల్దేరితే హోస్కోటె దాకా ట్రాఫిక్ తగలదు. ఆ తర్వాత చింతామణి మీదుగా మదనపల్లె. కొండ ఎక్కడానికి చాలా ముందే, ఈ దారిలో అసలు విశేషం మొదలవుతుంది. టీ కోసం చింతామణిలో ఆగితే బోర్డులన్నీ కన్నడలో ఉంటాయి, మాటలు మాత్రం సగం తెలుగులో వినిపిస్తాయి. మా పెద్దమ్మాయి, పన్నెండేళ్లది, టీకొట్టాయనతో బుద్ధిగా కన్నడలో మాట్లాడితే ఆయన తెలుగులో జవాబిచ్చాడు. కారెక్కాక అడిగింది: "అమ్మా, ఇది కర్ణాటకే కదా?" కర్ణాటకే. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇక్కడికి దగ్గర్లోని కైవారంలో గాజులమ్ముకుంటూ తిరిగిన నారాయణప్ప యోగిగా మారి, తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు పాడాడు. కైవారం తాతయ్య అంటారు. ఆయన తెలుగు తత్వాలు ఈ ప్రాంతపు భజనల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. ఏదో ఒక వైపు ఉండాలని ఆయన్నెవరూ అడగలేదు.

మా పిల్లలకి ఈ సంగతి తెలియడం నాకు చాలా ముఖ్యం. "నువ్వు తెలుగా, కన్నడా?" అని స్కూల్లో అడుగుతారు. ఇంటికొస్తే, బంధువుల ఫంక్షన్లో ఎవరో ఒకరు "మీ పిల్లల తెలుగులో కన్నడ యాస వస్తోందే" అంటారు. పిల్లలు రెండు చోట్లా తలదించుకుంటారు. అలాంటి పిల్లలకి, రెండూ కలిసి హాయిగా బతుకుతున్న ఊళ్లు మన పక్కనే ఉన్నాయని చూపించాలి. చెబితే ఉపన్యాసం అవుతుంది, చూపిస్తే వాళ్లే అడుగుతారు.

చింతామణి దాటి ఇంకొంత దూరం పోయాక బోర్డులు మారతాయి. అక్కడే రాష్ట్రాల హద్దు. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా పునర్వ్యవస్థీకరించినా, ఇక్కడి గీత పాతదే. అటు మైసూరు రాజ్యం, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ గీత దాటగానే పెద్దది కిటికీలోంచి తెలుగు బోర్డులు చదవడం మొదలుపెట్టింది. దానికి తెలుగు అక్షరాలు మేమెవరం కూర్చోబెట్టి నేర్పలేదు. స్కూల్లో నేర్చుకున్న కన్నడతోనే చదివేస్తోంది! ఒకప్పుడు రెండింటికీ ఒకటే లిపి, కొన్ని వందల ఏళ్ల కిందట మెల్లగా విడిపోయాయి. మ, య, ర, న లాంటివి చూడగానే పట్టేసింది. క, త, శ దగ్గర తడబడింది. ముందు సీట్లోంచి వాళ్ల నాన్న "తలకట్టు పక్కన పెట్టి చూడు" అన్నాక వాటినీ ఒక్కొక్కటే విప్పుకుంది. ఎరువుల కొట్టు, సిమెంటు ప్రకటన, పెళ్లి ఫ్లెక్సీ, ఏదీ వదల్లేదు. మదనపల్లె వచ్చేదాకా కారులో పాటలు పెట్టమని ఎవరూ అడగలేదు.

మదనపల్లె అనగానే బెంగళూరు వాళ్లకి టమాటాలే గుర్తొస్తాయి. సీజన్లో బాక్సులు పేర్చుకున్న లారీలు రోడ్డు పొడుగునా కనిపిస్తాయి కూడా. కానీ పిల్లలతో వెళ్తే బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ దగ్గర కాసేపు ఆగండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికొచ్చి కొన్నాళ్లున్నారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి అనువదించింది ఇక్కడే. మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ మహిళ ఆ పాటకి స్వరలిపి రాసి పెట్టిందీ ఇక్కడే. రోజూ స్కూల్లో పాడే పాటకీ ఈ ఊరికీ సంబంధం ఉందంటే మా అమ్మాయి నమ్మలేదు. తర్వాత గేటు ముందు నిలబడి ఫొటో తీయించుకుని, ఎదురింటి బెంగాలీ స్నేహితురాలికి చూపించాలని దాచుకుంది.

ఘాట్ రోడ్డు గురించి ఎక్కువ చెప్పను. మలుపులున్నాయి కానీ భయపడాల్సినంత కాదు. ఎక్కే బండికి ముందు దారివ్వాలి. ఏ గేరులో ఎక్కామో దిగేటప్పుడూ అదే గేరులో దిగాలి, బ్రేకు మీదే కాలు పెట్టుకుని కూర్చోకూడదు. మా చిన్నోడికి మలుపులంటే వాంతులు. వాడికి పొద్దున్న రెండిడ్లీలకు మించి పెట్టం, ఫోన్ అస్సలు ఇవ్వం, కిటికీ దించి ఎదురుగా రోడ్డు చూడమంటాం. నీలగిరి చెట్ల వాసన మొదలవగానే వాడు సర్దుకున్నాడు.

కొండ మీద సుమారు 1,265 మీటర్ల ఎత్తులో గాలిబండ అని పెద్ద రాతి పరుపు ఉంది. పేరుకి తగ్గట్టే గాలి మనిషిని తోసేస్తుంది. అక్కడ చిన్నోడు చేతులు చాచి నిలబడి, గొంతు పోయేదాకా అరిచాడు. అపార్ట్‌మెంట్లో అరిస్తే కింది ఫ్లోర్ నుంచి ఇంటర్‌కామ్ మోగుతుంది. అందుకని నేనూ ఆపలేదు.

మేం టెంట్లు వేసుకున్నది కొండ మీద కాదు, కింద ఒక మామిడితోటలో. అడవిలో ఎవరికివాళ్లు టెంట్లేసి మంటలు పెట్టడం తప్పు. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా ఈ కొండల్లో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. తోటవాళ్లే టెంట్లు ఇచ్చారు. వంటకి ఆ ఊరి పెద్దావిడ ఒకామె వచ్చింది. అవ్వా అని పిలవమని పిల్లలకి చెప్పాం.

"యాడ నుంచి వస్తా ఉండారు మా?" అంది అవ్వ.

"బెంగళూరు నుంచి అవ్వా."

"మా బిడ్డను చింతామణి పక్కనే ఇచ్చినాము. నేనూ ఎప్పుడూ పోతా వస్తా ఉంటా."

సాయంత్రం అవ్వ కట్టెలపొయ్యి మీద రాగిసంగటి మొదలుపెట్టింది. పెద్దది వెళ్లి పక్కన గొంతుక్కూర్చుంది. నేను కొంచెం దూరంలో ఉల్లిపాయలు తరుగుతూ వింటున్నాను. కుండలో నూకలు మెత్తగా ఉడికాక అవ్వ రాగిపిండి మధ్యలో కుప్పగా పోసింది. కలపకుండా అలాగే మూత పెట్టేసింది. "అవ్వా, గంటు... ఉండలు రావా?" అంది మా అమ్మాయి. కన్నడ మాట సగంలో వచ్చేసి, అదే సర్దుకుంది. అవ్వకి రెండూ ఒకటే. "గంటు కట్టదు పాపా, పిండి ఆవిరికి ఉడకల్ల. ఇప్పుడే కలిపితే కడతాది," అంటూ ఆ కన్నడ మాటతోనే జవాబిచ్చింది. మా వంటమనిషిది మండ్య, ఆమె చేసే ముద్దెలో బియ్యం ఉండవని మా అమ్మాయి చెప్పింది. "వాళ్లు వట్టి పిండితో చేస్తారు, మేం నూకలేస్తాం" అంది అవ్వ. తర్వాత కుండ దించి, కదలకుండా గుడ్డతో అదిమి పట్టుకుని, సంగటికట్టె దాని చేతికిచ్చింది. రెండు చేతులతో తిప్పినా కట్టె కదల్లేదు. అవ్వ తన చేతులు దాని చేతుల మీద వేసి తిప్పింది. తడి చేత్తో ముద్ద చేయడం, చెయ్యి కాలకుండా ఎంత నీళ్లు అద్దుకోవాలి, ఊరిబిండి అనే పచ్చడిలోకి చెనిక్కాయలు (వేరుశనగలు) ఎంత వేయించాలి, ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది. తెలుగులో మాట దొరక్కపోతే కన్నడలో, అదీ దొరక్కపోతే చేతులతో. ఇంట్లో మాతో అంతసేపు తెలుగులో ఎప్పుడూ మాట్లాడలేదు.

నాకప్పుడు ఒకటి అర్థమైంది. నేను ఇంతకాలం పని పడితే భాష వస్తుందనే అనుకున్నాను. పని పడితేనే చాలదు, ఎదుటి మనిషి తప్పులు లెక్కపెట్టకూడదు. మా అమ్మానాన్నలు ఫోన్లో మాట్లాడేటప్పుడు ప్రేమతోనే ప్రతి మాటా సరిదిద్దుతారు. పిల్లలు "ఊఁ" తప్ప ఇంకేమీ అనకుండా ఫోన్ నాకిచ్చేస్తారు. అవ్వ ఒక్క మాట కూడా దిద్దలేదు, అడిగినదానికి జవాబు చెబుతూ పోయింది.

రాత్రి పొయ్యి దగ్గరే కూర్చుని కొండ కథ చెప్పింది. కడప కలెక్టరు హార్స్‌లీ వచ్చి బంగళా కట్టుకోకముందు ఇది ఏనుగుమల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల ఇక్కడ ఉండేదట, జనానికి జబ్బులు నయం చేసేదట. ఒకరోజు కనిపించకుండా పోయింది, ఆమెకే గుడి కట్టారు. మా చిన్నోడికి కథలో భక్తి పట్టలేదు.

"అవ్వా, ఏనుగులు ఆమెకి ఏం పెట్టేవి తినడానికి?"

"చెట్ల పండ్లు తినేదేమో నాయనా. నేను చూడ్లే."

"మరి ఏనుగులు ఇప్పుడేవి?"

ఇలాగే సాగింది. అడిగేదంతా తెలుగులోనే అడిగాడు. కథ తెలుగులో వస్తున్నప్పుడు ప్రశ్న ఇంగ్లీషులో అడగాలని తోచలేదు వాడికి.

మా అపార్ట్‌మెంట్లో తెలుగు తల్లుల మధ్య ఒక వాదన నడుస్తూ ఉంటుంది. రెండో భాషగా హిందీయో సంస్కృతమో పెట్టిస్తే మార్కులొస్తాయి, కన్నడ మూడో భాషగా గట్టెక్కితే చాలు, అసలే తెలుగు రావడం లేదంటే కన్నడ కూడా ఎందుకు అంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ పిల్లల తెలుగును తినేస్తున్నది కన్నడ కాదు. కన్నడ చదివిన పిల్ల మదనపల్లె రోడ్డు మీద తెలుగు బోర్డులు చదివింది. కన్నడ మాట్లాడే పిల్ల కాబట్టే అవ్వ పక్కన కూర్చుని మాట దొరకని చోట ఆగిపోలేదు. పైగా ఇది వాళ్ల ఊరు. నాకు తెనాలి ఎలాగో వాళ్లకి బెంగళూరు అలాగ. ఊరి భాష రాకుండా ఊళ్లో పెరగడం ఏ పిల్లలకైనా అన్యాయమే.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒకటి రెండు మాటలు. ఏప్రిల్, మే నెలల్లో కింద ఎండ మండిపోతుంది, పైన జనం. వానలు తగ్గాక వెళ్తే కొండ పచ్చగా ఉంటుంది, రాత్రికి స్వెటర్లు తప్పనిసరి. టెంట్లు బుక్ చేసేటప్పుడు బాత్‌రూమ్ ఎంత దూరంలో ఉందో ముందే అడగండి. అందరూ బార్బెక్యూ ఉందా అని అడుగుతారు, మీరు మాత్రం వంట ఆ ఊరివాళ్లే చేస్తారా అని అడగండి. మధ్యాహ్నం ఒక పూట ఏ ప్రోగ్రామూ పెట్టుకోకుండా పిల్లల్ని తోటలో వదిలేయండి.

మా చిన్నోడికి వచ్చే ఏడాది స్కూల్లో రెండో భాష ఎంచుకోవాలి. కన్నడే పెడుతున్నాం.