పిన్నీసు పెట్టిన చెప్పులతో నిర్మలగిరి

నిన్న రాత్రే గౌరీపట్నం నిర్మలగిరి నుంచి, అదే మరియమ్మ తల్లి గుడి ఉన్న కొండ నుంచి, ఇంటికొచ్చాం. మడమకి ఇంకా కట్టు ఉంది, కాలు పూర్తిగా ఆనడం లేదు. అయినా ఇవాళే కూర్చుని రాసేస్తున్నాను, ఎందుకంటే రెండు రోజులు పోతే వంటలూ బట్టలూ పిల్లల పరీక్షలూ వచ్చి పడతాయి, మనసులో ఉన్న ఈ వేడి చల్లారిపోతుందని నా భయం.

ముందు మొక్కు సంగతి చెప్పాలి. కిందటి అక్టోబరులో మా చిన్నోడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్స్ 18 వేలకి పడిపోయాయి. ఆ రాత్రి హాస్పిటల్ వరండాలో గోడకి ఆనుకుని జపమాల పట్టుకుని అన్నాను, అమ్మా, వీడు లేచి ఇంటికొస్తే మంగళవార్త పండక్కి (దేవదూత మరియమ్మకి శుభవార్త చెప్పిన రోజు, మార్చి 25) మా గుమ్మం దగ్గర్నుంచి నీ కొండ దాకా చెప్పుల్లేకుండా నడిచొస్తాను, మధ్యలో బండెక్కను అని. మూడో రోజుకి కౌంట్ పెరగడం మొదలైంది. డెంగీలో ఆ సమయానికి పెరగడం మామూలేనని డాక్టరుగారు చెప్పారు. ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ ఆ రాత్రి నా మొర ఆ తల్లి విన్నదనే నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పుట్టిల్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్, అత్తారిల్లు లూథరన్, అంటే ప్రొటెస్టెంటు. పెళ్లయ్యి పద్నాలుగేళ్లయినా నన్ను నా గుడికి వెళ్లొద్దని ఎవరూ అనలేదు, అందుకు వాళ్లకి నమస్కారం. కానీ మా బావగారు సండే స్కూలు పిల్లలకి పాఠం చెప్పే మనిషి. నా మొక్కు మాట విన్నాక ఆయనకి మనసులో ఏదో గుచ్చుకుంది. ఒక సాయంత్రం బైబిలు తెచ్చుకుని కూర్చున్నారు. "చూడమ్మా, మొక్కుబడి అంటే దేవుడితో బేరం కదా. నువ్వు ఇది చెయ్యి, నేను అది చేస్తానని. రక్షణ కృప వల్ల వస్తుంది, మన నడక వల్ల కాదు. మోషే ద్వారా ధర్మశాస్త్రం రావడానికి 430 ఏళ్ల ముందే అబ్రహాముకి వాగ్దానం వచ్చిందని పౌలు గలతీయులకి రాశాడు. వెనక వచ్చిన శాస్త్రం ముందు ఇచ్చిన మాటని కొట్టెయ్యలేదు. ధర్మశాస్త్రం అద్దం లాంటిదమ్మా, ముఖాన ఉన్న మసి చూపిస్తుంది, కడగదు" అన్నారు. ఇది ఒక్క లూథర్ మాటే అనుకోకు, 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో మా వాళ్లూ మీ రోము వాళ్లూ కూర్చుని, మనిషి నీతిమంతుడిగా తీర్చబడేది కృప వల్లేనని సంతకాలు పెట్టారు అని కూడా చెప్పారు.

నా దగ్గర జవాబు లేదు. "మాట ఇచ్చాను బావగారూ" అన్నాను, అంతే. నిజానికి నన్ను పట్టుకున్నది బైబిల్లో ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం. మొక్కుకుంటే ఆలస్యం చేయకుండా చెల్లించు, అసలు మొక్కుకోకపోతే పాపం లేదు అని అక్కడుంది. మొక్కుకోకపోతే పాపం లేదు! నేను మొక్కుకున్నాను కదా. ఆ వాక్యం చదివిన రోజు నుంచి నా మొక్కు సంతోషంగా లేదు, మెడ మీద బరువులా ఉంది. ఒక్క అడుగు తప్పినా పిల్లాడికి ఏమన్నా అవుతుందేమో అని లోపల టెన్షన్. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

23 పొద్దున్న చీకటితోనే బయలుదేరాం, మా విచారణ (మా చర్చి పరిధి) నుంచి ఓ ఇరవై మందిమి. పెనుగొండ, తణుకు, నిడదవోలు మీదుగా దారి. మొదటి రోజు హాయిగా గడిచింది. కాలవ గట్టు పక్కనే నడక, దాళ్వా చేలన్నీ ఈనుకుని పచ్చగా ఉన్నాయి, కాటన్ దొర పుణ్యమా అని 1852లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ నేలకి ఆ నీళ్లే కదా ప్రాణం. ఆ చేలు చూస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ కోతలయ్యాక చేలో రాలిన కంకులు, అదే పరిగె, ఏరుకుని పిల్లల్ని పెంచిన మనిషి. ఒక రైతు గారి చేలో మాత్రం కంకులు ఎక్కువ దొరికేవట, ఆయన కూలీలతో కావాలనే వదిలేయించేవారని నాయనమ్మ చనిపోయేదాకా ఆయన పేరు చెప్పుకునేది. లేవీయకాండంలో ఉందిగా, నీ పొలం మూలల దాకా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, అది బీదలకీ పరదేశులకీ వదిలెయ్యి అని. అది రైతుకి ఆజ్ఞ. మా నాయనమ్మకి మాత్రం అది అన్నం.

ఆ రాత్రి దారిలో ఒక చర్చిలో పడుకున్నాం. అక్కడ ప్రార్థనలు నడిపించే ఉపదేశిగారు పెద్దాయన, పడుకునే ముందు ప్రార్థన చెప్పి ఒక మాటన్నారు. పది ఆజ్ఞలు ఎక్కడ మొదలవుతాయో చూడండి, నీకు వేరే దేవుడు ఉండకూడదు అనే దగ్గర కాదు, దాసుల ఇంటి నుంచి నిన్ను బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనే అనే దగ్గర. ముందు ఇశ్రాయేలీయుల్ని ఐగుప్తు బానిసత్వం నుంచి విడిపించి ఎర్ర సముద్రం దాటించాడు, తర్వాతే సీనాయి దగ్గర ఆజ్ఞలిచ్చాడు. ఆజ్ఞలు పాటిస్తే విడిపిస్తానని ఐగుప్తులో అనలేదు. నిద్ర ముంచుకొస్తున్నా ఆ మాట చెవిలో ఉండిపోయింది.

రెండో రోజు నా పని అయిపోయింది. తణుకు దాటాక ఎండ ముదిరింది, తారు కాలిపోతోంది. కుడి మడమ కింద లేచిన బొబ్బ చితికి అందులో సన్నని గులకరాయి దిగింది. అడుగు వేస్తే కళ్లలో నీళ్లు. మిగతావాళ్లు ముందుకు వెళ్లిపోయారు, నేనే వెళ్లమన్నాను. కాలవ పక్కన ఒక బడ్డీ కొట్టు, తాటాకు పందిరి, ముందు నాలుగు కొబ్బరి బొండాలు. ఆ నీడలో కూలబడ్డాను.

కొట్టులోంచి ఒక మామ్మ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి, నుదుట పెద్ద బొట్టు. ఏమీ అడగలేదు. "కాలు ఇలా పెట్టమ్మా" అంది. నేను వెనక్కి లాక్కున్నాను, వద్దు మామ్మా మురికి అని. ఆవిడ వినలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి నా పాదం తన ఒళ్లో పెట్టుకుని కడిగింది. తలలోంచి పిన్ను తీసి దాన్ని అగ్గిపుల్ల మంట మీద కాల్చి ఆ రాయి తీసింది. పసుపు అద్ది, పాత నేత చీర చెంగు చించి కట్టు కట్టింది. ఆవిడ చేతులు గరుకుగా ఉన్నాయి, వేళ్ల సందుల్లో బొండాలు కొట్టిన మరకలు నల్లగా ఉన్నాయి. నేనేమో కాలు లాక్కోవాలనే చూస్తున్నాను, అప్పుడు పేతురు గుర్తొచ్చాడు. కడరాత్రి ప్రభువు నడుముకి తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడుగుతుంటే నా పాదాలు నువ్వు ఎప్పటికీ కడగకూడదు అన్నాడు చూడండి, ఆయన. అది వినయం అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఒకరు ఊరికే చేస్తుంటే పుచ్చుకోవడం ఎంత కష్టమో ఆ బడ్డీ ముందు తెలిసింది. డబ్బులు తీస్తే కోప్పడింది.

లేచి మళ్లీ ఒట్టి కాలితో నిలబడ్డాను. ఆవిడ తన కాళ్లకున్న హవాయి చెప్పులు విప్పి నా ముందు పెట్టింది. నీలం పట్టీలు, ఎడమదానికి పట్టీ ఊడిపోకుండా కింద పిన్నీసు గుచ్చి ఉంది. మొక్కు ఉంది మామ్మా, వేసుకోకూడదు అన్నాను. ఆవిడ నన్ను అలా చూసి, "మా ఇంటాయన మాల వేసుకుని కొండకి పోయినోడే, నాకు తెలీదా మొక్కంటే. మీ అమ్మ ఈ కాలు చూస్తే సంతోషపడుద్దా చెప్పు" అంది. ఏం చెప్పను? వేసుకున్నాను. ఆవిడ ఒట్టి కాళ్లతో లోపలికి వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేదు నేను, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సాయంత్రానికి మా వాళ్లని కలిశాను. అందులో ఒక పెద్దావిడ నా కాళ్లు చూసి, "అయ్యో, మొక్కు చెడిందిగా, మళ్లీ వచ్చే ఏడు మొదటినుంచి నడవాల్సిందే" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, తన పద్ధతి అది. కానీ ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. ఇంటికి ఫోన్ చేసి పిల్లాడికి జ్వరం ఏమన్నా ఉందా అని మూడుసార్లు అడిగాను.

నిడదవోలు దాటాక మెట్ట మొదలైంది, పొగాకు బేరన్ల వాసన. ఇక నిర్మలగిరి దగ్గర జనం గురించి ఏం చెప్పమంటారు. తోపులాట, మైకుల హోరు, లైను మధ్యలోంచి దూరిపోయేవాళ్లు, పాపసంకీర్తనం (ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) లైన్లో కూడా సెల్ఫీలు. ముసలివాళ్లు ఎండలో నిలబడి ఉంటే ఎవరెవరివో కార్లు కొండ దాకా వచ్చేస్తున్నాయి. ఒక పసిపిల్ల ఊపిరాడక ఏడుస్తుంటే నీళ్లకి కూడా దారి ఇవ్వలేదు. తల్లి దగ్గరికి వచ్చి తోటి బిడ్డని తోసేయడం నాకు నిజంగా బాధేసింది, వచ్చే ఏడాదైనా పెద్దలు ఆలోచించాలి.

పాపసంకీర్తనంలో ఒక ముసలి ఫాదరు దొరికారు. ఏడుస్తూనే మొత్తం చెప్పాను. మొక్కుదేముందిలే, ఫర్వాలేదు అంటారని ఒక పక్క ఆశ, అంటే మళ్లీ నమ్మలేనేమోనని ఒక పక్క. ఆయన అలా అనలేదు. "లేవీయకాండం చివరి అధ్యాయం చదివావా అమ్మా? 27. మనిషిని దేవుడికి మొక్కుకుంటే ఎంత వెల కట్టాలో వరసగా ఉంటుంది. నీ వయసు స్త్రీకి 30 తులాల వెండి. తర్వాత 8వ వచనం చూడు. అంత ఇచ్చుకోలేని బీదవాడైతే యాజకుడి ముందుకు రావాలి, వాడి తాహతును బట్టి యాజకుడు వెల కట్టాలి. అది కొత్త నిబంధన కాదమ్మా, మోషే ధర్మశాస్త్రమే" అన్నారు. కాసేపు ఆగి, "నువ్వు ఇప్పుడు యాజకుడి ముందే ఉన్నావు. నీ తాహతు ఆ కాలి కట్టులో కనిపిస్తోంది. నీ మొక్కు చెల్లింది. ఆ చెప్పులిచ్చినావిడ కోసం ఒక జపమాల చెప్పు, చాలు."

జపమాల అంటే 53 మంగళవార్త జపాలు. దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా అని 53 సార్లు. లైన్లో నిలబడి ఆ బడ్డీ మామ్మ కోసం చెబుతుంటే ఎక్కడో మధ్యలో ఆగిపోయాను. బావగారు కృప అనేదీ మేము వరప్రసాదం అనేదీ ఒకటే కదా! చిన్నప్పట్నుంచి రోజూ నోటితో అంటూనే ఉన్నాను, ఒక్కసారీ వినలేదు.

రెండున్నర గంటలు నిలబడితే తల్లి ముందు ఉన్నది పది సెకన్లు. వలంటీరు చెయ్యి నా భుజం మీదే ఉంది, నడవండి నడవండి అంటూ. కొవ్వొత్తుల పొగ, పూలదండల మధ్య ముఖం మాత్రం కనిపించింది. ఇంట్లో నుంచి ఎన్నో అడగాలని తెచ్చుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. లూకా సువార్తలో ఉన్న రెండు పిట్టలు గుర్తొచ్చాయి, అంతే. బాలయేసుని దేవాలయానికి తీసుకెళ్లినప్పుడు ఈ తల్లి ఇచ్చిన కానుక గువ్వల జతో, రెండు పావురపు పిల్లలో. బాలెంతరాలు గొర్రెపిల్లని తేవాలని శాస్త్రం, కొనలేకపోతే రెండు గువ్వలు చాలని అదే శాస్త్రం, లేవీయకాండం 12లో. వరప్రసాదంతో నిండిన తల్లికి గొర్రెపిల్ల కొనే స్తోమత లేదు. శాస్త్రం నాకెందుకు అనీ అనలేదు, అప్పు చేసి గొర్రెపిల్లనీ తేలేదు. బీదవాళ్ల కోసం వదిలిన ఆ దారిలోనే గుడికి వెళ్లింది. అమ్మా, నువ్వు కూడానా అనుకున్నాను. అప్పటికే నన్ను పక్కకి జరిపేశారు, నా వెనకావిడ మోచెయ్యి డొక్కలో తగిలింది, నాకు మాత్రం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

వచ్చేటప్పుడు అందరం వ్యానులో వచ్చేశాం, ఆ బడ్డీ ఎప్పుడు దాటామో చీకట్లో తెలియలేదు. ఇవాళ పొద్దున్న బావగారు కాలు ఎలా ఉందమ్మా అని వచ్చారు. రెండు పిట్టల సంగతి చెప్పాను. వెంటనే బైబిలు తీసి లూకా చూశారు, లేవీయకాండం 12 చూశారు, వేలు అక్కడే పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గుమ్మం దగ్గరున్న నీలం పట్టీల చెప్పులు చూసి, ఇవేనా అని అడిగారు.

మధ్యాహ్నం మా ఆయన బజారుకి వెళ్తే ఆ చెప్పునే కొలతకి ఇచ్చి మామ్మకి కొత్త జత తెప్పించాను. మట్టల ఆదివారం (ఈస్టరుకి ముందు ఆదివారం) పూజ అయ్యాక తణుకు వైపు వెళ్దామనుకున్నాం, ఆ పందిరీ కాలవ మలుపూ నాకు బాగా గుర్తున్నాయి. బావగారు కూడా వస్తానన్నారు. వాళ్ల ఆరాధన పదకొండున్నరకి గానీ అవ్వదట, అప్పటిదాకా ఆగమన్నారు.