డన్నోటర్ కోట: రాజు పడకగది, దాని కింది చెర

స్కాట్లాండ్‌లోని అబెర్దీన్ నుంచి రైల్లో దక్షిణంగా వస్తే కాసేపటికే స్టోన్‌హేవెన్ అనే చిన్న రేవు పట్నం వస్తుంది. అక్కడి నుంచి డన్నోటర్ కోటకు బస్సు ఉన్నా, రేవు వెనక కొండెక్కి, యుద్ధ స్మారకం మీదుగా సముద్రపుటంచున సాగే కాలిబాట పట్టడమే మేలు, ఎందుకంటే కోటను అక్కడే ఎందుకు కట్టారో ఆ దారిలో నడిచినవారికి ఎవరూ వివరించనక్కరలేదు. తీరం నుంచి దాదాపు తెగిపోయినట్టున్న ఒక పెద్ద బండ, దాని చుట్టూ 50 మీటర్ల నిలువు చరియలు, కింద ఉత్తర సముద్రం. కోట ఎదురుగా కనిపిస్తూనే ఉన్నా నేరుగా చేరే వీలు లేదు. మెట్ల వెంట దాదాపు అలల దాకా దిగి, మళ్లీ ఎక్కాలి. దిగేటప్పుడు చరియను చేత్తో తడిమి చూశాను. మేస్త్రీ కంకర ఎక్కువేసి పోసిన కాంక్రీటులా, నున్నటి గులకరాళ్లు ఎర్రమట్టి రంగు రాతిలో ఇరుక్కుపోయి ఉన్నాయి.

రెండు చరియల మధ్య చీలికను గోడతో మూసేసి, ఆ గోడకే ద్వారం పెట్టారు. పక్కనే రాతిని తొలిచి కట్టిన కావలి భవనం, అందులోంచి వచ్చేవారి మీదికి గురిపెట్టే తుపాకీ రంధ్రాలు. లోపల సొరంగంలాంటి ఎగుడుదారి దాటితే గానీ పైకి చేరలేం.

పైన ఉన్న స్థలం మూడున్నర ఎకరాలు. దీనికోసం జరిగిన పోరాటాలు మాత్రం చాలా పాతవి. 681లోనూ 694లోనూ ఇక్కడి దుర్గాన్ని ముట్టడించారని ఐర్లండుకు చెందిన అల్‌స్టర్ వార్షిక వృత్తాంతాలు చెబుతున్నాయి. 1297లో విలియం వాలెస్ ఇక్కడి చర్చిలో తలదాచుకున్న ఇంగ్లిష్ సైనికులను నిప్పుపెట్టి చంపాడన్న కథ ప్రసిద్ధమే గానీ, అది తర్వాతెప్పుడో ఒక కవి రాసినది. అందులోని నాలుగు వేల మంది ఈ బండమీద ఎలా పట్టారో ఇక్కడ నిలబడి ఆలోచిస్తే నమ్మబుద్ధి కాదు. 14వ శతాబ్దం చివర సర్ విలియం కీత్ ఎత్తైన బురుజు ఇల్లు కట్టించాడు. అది చర్చికి చెందిన పవిత్ర స్థలమంటూ బిషప్ అతన్ని మతం నుంచి వెలివేస్తే, అతడు పోపు 13వ బెనెడిక్టును ఆశ్రయించి 1395లో ఆ వెలిని ఎత్తివేయించుకున్నాడు. ఆ ఇంటి గోడలు నేటికీ నిలిచే ఉన్నాయి. తర్వాత అర్ల్ మారిషల్ బిరుదు పొందిన కీత్ వంశమే మూడు శతాబ్దాలకు పైగా కోటను ఏలింది. గద్దె దిగిన స్టూవర్ట్ రాజవంశాన్ని తిరిగి నిలబెట్టాలని జరిగిన 1715 జాకబైట్ తిరుగుబాటులో చేరినందుకు పదవ అర్ల్ ఆస్తులు జప్తయ్యాయి. వాటిని కొన్న కంపెనీ కోటలో పనికొచ్చిన సామానంతా ఊడదీసింది. కోట ఈనాడిలా మొండిగోడలతో మిగలడంలో ఫిరంగులకన్నా ఆ అమ్మకం పాత్రే ఎక్కువని నాకనిపిస్తుంది. 1925లో లేడీ కౌడ్రే మరమ్మతులు మొదలుపెట్టకపోతే ఈ గోడలూ దక్కేవి కావేమో.

నేను ఎక్కువసేపు గడిపింది ఈశాన్య మూలన, రాజు పడకగది అని పిలిచే భాగంలో. 1650లో, తండ్రి పోగొట్టుకున్న ఇంగ్లండ్ గద్దెను తిరిగి దక్కించుకోవాలని చూస్తున్న రెండవ చార్లెస్ ఈ కోటకు వచ్చాడు. స్కాట్లాండ్ మద్దతు కావాలంటే బిషప్పుల్లేని చర్చిని కోరే ప్రెస్బిటేరియన్ల కవెనెంట్ అనే ఒడంబడికకు ఒప్పుకోక తప్పదు గనుక, దానిపై సంతకం చేసి మరీ వచ్చాడు. ఆ గది కిందే విగ్స్ వాల్ట్ అనే నేలమాళిగ ఉంది (ఆ ఒడంబడిక పక్షంవారిని విగ్స్ అనేవారు). పొడవు 16 మీటర్లు, వెడల్పు నాలుగున్నర, సముద్రం వైపు ఒక కిటికీ. 1685 మే 24న, అదే ఒడంబడికను వదులుకోబోమన్న 122 మంది మగవారిని, 45 మంది ఆడవారిని ఇందులోకి తోశారు. అప్పటికి చార్లెస్ చనిపోయి కొద్ది నెలలే అయింది. తమ్ముడు జేమ్స్ గద్దె మీద ఉన్నాడు. పాతిక మంది దాకా తప్పించుకున్నారు; ఆ ప్రయత్నంలో ఇద్దరు చరియ మీంచి పడి చనిపోయారు. అయిదుగురు లోపలే పోయారు. విధేయత ప్రమాణం చేసిన 37 మందిని వదిలేసి, మిగిలినవారిని ఓడెక్కించి అమెరికాలోని న్యూజెర్సీకి పంపితే, దారిలోనే చాలామంది మరణించారు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూసి వెంటనే వెనక్కి జరిగాను. ఇందులోంచి దూకాలని మనిషికి అనిపించాలంటే లోపలి నరకం ఎలాంటిదై ఉండాలి! రాజు సంతకం చేసి మరిచిపోయిన కాగితానికి వీళ్లు ప్రాణాలిచ్చారు.

కోట పేరు చెప్పగానే స్కాట్లాండ్‌లో అందరికీ గుర్తొచ్చేది మాత్రం కిరీటం కథ. ఇంగ్లండ్ రాజలాంఛనాలను అక్కడి పార్లమెంటు అప్పటికే కరిగించేసింది. స్కాట్లాండ్ కిరీటం, రాజదండం, ఖడ్గం ఇంగ్లండ్‌లో రాచరికాన్ని కూల్చిన సేనాని క్రామ్‌వెల్ సేనకు చిక్కకుండా డన్నోటర్‌లో దాచారు. 1651 శరత్కాలంలో ముట్టడి మొదలైంది. కోట రక్షణ చూస్తున్న జార్జ్ ఒగిల్వీ డెబ్బై మందితో మర్నాటి మే దాకా నిలబడ్డాడు. భారీ ఫిరంగులు వచ్చి పది రోజులు కొట్టాక లొంగిపోయాడు గానీ, శత్రువుకు లాంఛనాలు దొరకలేదు. దక్షిణాన కినెఫ్ చర్చి పాస్టరు జేమ్స్ గ్రేంజర్ భార్య క్రిస్టియన్ ఫ్లెచర్ వాటిని అంతకుముందే బయటికి చేరవేసింది. గోడమీంచి తాడుతో దించితే సముద్రపు నాచు ఏరుకుంటున్నట్టు నటించిన పనిమనిషి అందుకుందని ఒక కథనం. ఫ్లెచరే కిరీటాన్ని బట్టల్లోనూ మిగతావాటిని నార మోపులోనూ దాచి, ముట్టడిదారుల మధ్యనుంచే నడిచిపోయిందని మరొకటి. రెండోదే నిజం కావాలని నా కోరిక.

మర్నాడు కినెఫ్ వెళ్లాను. లాంఛనాలను 1660 దాకా నేల కింద దాచిన చర్చి పాతబడిపోగా, అదే చోట 1738లో కట్టినది ఇప్పుడుంది. గ్రేంజర్‌కూ ఒగిల్వీకీ లోపల స్మారక ఫలకాలున్నాయి. ప్రవాసంలో ఉన్న రాజు చార్లెస్ గద్దెకు తిరిగొచ్చాక ఒగిల్వీకి బారనెట్ బిరుదు, అర్ల్ తమ్ముడు జాన్ కీత్‌కు నైట్ మారిషల్ పదవి దక్కాయి. క్రిస్టియన్ ఫ్లెచర్‌కు రెండు వేల మెర్కులు (నాటి స్కాట్లాండ్ నాణేలు) ఇవ్వాలని 1661లో పార్లమెంటు తీర్మానించింది.