ఉమ్మి పంపితే ముత్తాతల ఊరు తెలుస్తాదా?

మా బామ్మర్ది అమెరికా నుంచి డీఎన్ఏ కిట్ తెచ్చినాడు, ట్యూబులో ఉమ్మి నింపి ఇస్తే తనే తీసుకుపోయి పంపించినాడు, రిజల్ట్ చూస్తే సౌత్ ఇండియా అంట. ప్రొద్దుటూరోళ్లం, అది మాకు తెలీదా!

మజా అంతా మ్యాచుల లిస్టులో ఉంది, అంటే మన డీఎన్ఏతో కొంత కలిసిన వేరేవాళ్ల పేర్ల లిస్టు. ఒకాయన సెకండ్ కజిన్, అంటే ముత్తాత ఒకరే అయినోడు అని చూపించింది, ఆరా తీస్తే అంత దగ్గరేం కాదు. మన సీమలో తరతరాలుగా మేనరికాలే కదా, ఇద్దరి మధ్య చుట్టరికం నాలుగు దారుల్లో కలుస్తాది, ఆ డీఎన్ఏ అంతా కూడుకోని దూరపుచుట్టం గూడా దగ్గరోడి మాదిరి కనపడతాడు. జన్యువుల మీద పరిశోధన చేసే హైదరాబాద్ సీసీఎంబీ సంస్థ వాళ్లు కూడా ఉన్న 2013 స్టడీలో, సుమారు 1,900 ఏళ్ల కిందటి వరకు జనం బాగా కలిసినారని, తర్వాత ఎవరి గుంపులో వాళ్లే పెళ్లిళ్లని తేలింది.

డీఎన్ఏలో వై క్రోమోజోమ్ అనే భాగం తండ్రి నుంచి కొడుక్కే పోతాది, ఇంటిపేరు మాదిరే. కాకపోతే దత్తత పోతే ఇంటిపేరు మారుతాది, వై మారదు.

నన్నడిగితే ఉమ్మి కంటే పాత దస్తావేజులే నయం. మా అబ్బ చేను కొన్న కాగితంలో ఆయన నాయన పేరు, కాపురం ఉన్న ఊరు, కింద సాక్షుల వేలిముద్రలు, ఆ సాక్షుల్లో సగం మంది దాయాదులే! 1876-78 ధాత కరువులో ఊరు విడిచిపోయినోళ్ల సంగతి మాత్రం ఏ కాగితంలోనూ దొరకలే, దానికి మా జేజినే అడగాల, ఈసారి ఫోన్లో రికార్డ్ చేస్తా.