ముందు కన్ను ఎక్కడుందో తేల్చుకోండి

బొమ్మలో దూరం, లోతు కనిపించేలా గీసే పద్ధతి పర్‌స్పెక్టివ్. దూరానికి పోయే సమాంతర గీతలు కలిసినట్టు కనిపించే చుక్క వానిషింగ్ పాయింట్. మూడో వానిషింగ్ పాయింట్ పెట్టడం వచ్చిందంటే పర్‌స్పెక్టివ్‌లో పై మెట్టు ఎక్కేసినట్టేనని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. మొదటి రెండూ ఎక్కడ పెట్టాలో, అక్కడే ఎందుకో తెలియకుండా మూడోది పెట్టి ఏం లాభం? అందుకే ఈమధ్య మిగతావన్నీ పక్కనపెట్టి స్టేషన్ పాయింట్ మీదే కూర్చున్నాను. చూసేవాడి కన్ను బొమ్మకి ఎంత దూరంలో ఉందో చెప్పే చుక్క అది.

ఏ3 కాగితం అడ్డంగా పెట్టి, మధ్యలో హొరైజన్ లైన్, అంటే కంటి ఎత్తుని చూపే అడ్డగీత, గీశాను. దాని నడిమి నుంచి 30 సెంటీమీటర్లు కిందకి, కాగితం దాటి బల్ల మీదే ఒక చుక్క. అదే కన్ను. గీయాల్సింది ఒక పెట్టె. దాని మూల 90 డిగ్రీలు కాబట్టి కన్ను నుంచి హొరైజన్‌కి లాగే రెండు గీతల మధ్య కూడా 90 ఉండాలి. కన్ను నుంచి నడిమికి పోయే నిలువు గీతకి ఎడమకి 30, కుడికి 60 డిగ్రీలు తీసుకున్నాను. ఎడమ గీత నడిమి నుంచి 17.3 సెంటీమీటర్ల దగ్గర హొరైజన్‌ని తాకింది. కుడిది ఏకంగా 52 దగ్గర! అవే నా రెండు వానిషింగ్ పాయింట్లు. కాగితంలో సగం 21 సెంటీమీటర్లే. అందుకే కాగితాన్ని టేపుతో అంటించి, ఆ 52 దగ్గర గుండుసూది గుచ్చి దారం కట్టాను. దారం బిగించి పట్టుకుని, దాని వెంట స్కేలు ఆనించి గీతలు లాగడమే. రెండు పాయింట్లనీ కాగితంలోనే ఇరికిస్తే పెట్టెలు మొహం మీదకి వచ్చి పడుతున్నట్టు ఎందుకుంటాయో ఇక్కడ తెలిసిపోతుంది. అలా ఇరికించామంటే కన్ను కాగితానికి మరీ దగ్గరికి వచ్చేసిందని అర్థం.

అసలు మజా మెజరింగ్ పాయింట్‌లో, అంటే లోతుని కొలిచి పెట్టే చుక్కలో ఉంది. కుడి వానిషింగ్ పాయింట్ నుంచి కన్ను దాకా 60 సెంటీమీటర్లు. అదే కొలతని అక్కడి నుంచి హొరైజన్ మీద ఎడమకి వేస్తే నడిమికి 8 సెంటీమీటర్లు అవతల పడుతుంది. అదే మెజరింగ్ పాయింట్. పెట్టె దగ్గరి మూల గుండా అడ్డగీత గీసి, దాని మీద అసలు కొలతలు గుర్తుపెట్టి, ఒక్కోదాన్నీ ఆ పాయింట్‌కి కలపాలి. అవి కుడి వానిషింగ్ పాయింట్‌కి పోయే పెట్టె అంచుని ఎక్కడ కోస్తే అక్కడే లోతు. ఇక "ఇంతుంటుందిలే" అనే అంచనాలతో పని లేదు.

బొమ్మ 60 డిగ్రీల చూపులోనే ఉండాలంటారు. నా లెక్కలో అది నడిమి చుట్టూ 17.3 సెంటీమీటర్ల వృత్తం. దాని బయట గీసినవి సాగిపోతాయి. అయినా ఒంటికన్నుతో సరిగ్గా 30 సెంటీమీటర్ల నుంచి చూస్తే అవీ కుదురుకుంటాయి! ఇటలీ వాస్తుశిల్పి బ్రునెలెస్కి తన ఫ్లోరెన్స్ బాప్టిస్టరీ (బాప్తిస్మాలిచ్చే చర్చి కట్టడం) చిత్రానికి కన్నం పెట్టి, వెనక నుంచి అందులోంచి అద్దంలో చూడమన్నది ఊరికే కాదు. అలా చూసేవాడి కన్నుని ఒకే చోట కట్టిపడేశాడు.

చక్రాలు, గిన్నెల అంచులు మాత్రం వేరే గొడవ. అవి బొమ్మలో ఎలిప్స్‌లా, అంటే నొక్కిన గుండ్రంలా కనిపిస్తాయి. ఆ ఎలిప్స్ పొట్టి అక్షం చక్రం ఇరుసు దిశలోనే ఉండాలి. చక్రం అసలు కేంద్రం ఎలిప్స్ నడిమిలో కాకుండా కాస్త వెనక్కి పడుతుంది. చక్రం ఆకులు (ఇరుసు నుంచి అంచుకి పోయే పుల్లలు) గీసేటప్పుడు ఇది చూసుకోకపోతే చక్రం వంకరపోయినట్టే ఉంటుంది. ప్రస్తుతం నా కాగితాలన్నీ వీటితోనే నిండుతున్నాయి. నీడల జోలికి ఇంకా పోలేదు.