జీతం కువైట్‌ది, కంతు ఉదయగిరిది

మా ఉదయగిరి, దుత్తలూరు, వింజమూరు వైపు నుంచి కువైట్ వచ్చినవాళ్ల ఖర్చులకు ఒక వరస ఉండేది. ముందు వీసా అప్పు తీరాలి, తర్వాత ఇల్లు, ఆ తర్వాత చెల్లెలి పెళ్లో కూతురి పెళ్లో. ఈ మధ్య ఇంటికీ పెళ్లికీ నడుమ కారొకటి వచ్చి దూరింది. సొంతానికి తిరగడానికి కాదు, బాడుగకు. ఊళ్లో తమ్ముడో బామ్మర్దో ఒకడు లైసెన్సు పెట్టుకుని ఉంటాడు. "ఒక బండి ఇప్పించు, మిగతాది నేను చూసుకుంటా" అంటాడు. ఇక్కడ కువైట్ ఖైతాన్‌లో మా గదిలో ఉండే ఆరుగురిలో ముగ్గురికి ఊళ్లో ఇట్లాంటి బండి ఉంది. రాత్రి అన్నాల దగ్గర పిల్లల చదువుల కంటే కంతుల మాటే, అంటే నెలనెలా కట్టే బండి వాయిదాల మాటే, ఎక్కువ వస్తుంది.

నేనిక్కడ ఒక క్యాటరింగ్ కంపెనీ వ్యాను తోలుతాను. నా డబ్బుతో కొన్న బండిని అక్కడ మా బామ్మర్ది తోలుతాడు. సెలవు మీద ఊరికి పోయినా స్టీరింగు నాకు ఇవ్వడు. "నీకు కుడిపక్కన తోలడం అలవాటైంది బావా, ఎదురొచ్చే లారీకి పెడతావు" అంటాడు. అందులో నిజం లేకపోలేదు.

ఫైనాన్సు తీసుకుంది 6 లక్షలు. మిగతా సొమ్ము గదిలో నడిచే చీటీ పాడి కట్టాను. వడ్డీ 11 శాతం, గడువు 60 నెలలు, కంతు 13,045 రూపాయలు. దినార్ 270 రూపాయల దగ్గర ఉంటే 48 దినార్లు దాటుతుంది, ఎక్స్ఛేంజి వాళ్ల కమీషన్‌తో కలిపి 50 అని రాసిపెట్టుకుంటాను. నా జీతంలో నాలుగో వంతు పైనే. సొంత కారుకైతే వడ్డీ తక్కువ పడేది, బాడుగ బండికి పెట్టే పసుపు బోర్డు అనేసరికి పెంచారు. ఈ తేడా చూసి కొందరు సొంత వాడకానికని తెల్లబోర్డు బండి కొని బాడుగకు తిప్పుతారు. చెన్నై దారిలో ఏదన్నా జరిగితే బీమా వాళ్లు ముందు తేల్చుకునేది బండి ఎందుకు వాడుతున్నారన్నదే. క్లెయిము పోయినా కంతు పోదు. ఆ బేరానికి నేను ఒప్పుకోలేదు.

కంతుకు డబ్బు లేక ఇబ్బంది పడిన నెలలు మా గదిలో ఎవరికీ పెద్దగా లేవు. అందరినీ ఏడిపించేది తారీకే. ఇక్కడ జీతం నెల మొదటి వారంలో పడుతుంది. ఒకటో తారీకున పడొచ్చు, ఏడో తారీకున పడొచ్చు, అడిగితే అకౌంట్స్‌లో ఉండే ఈజిప్టు ఆయన "బుక్రా" అంటాడు. రేపు అని. ఊళ్లో కంతు మాత్రం 5వ తారీకు. అది ఎవరి మాటా వినదు.

వినదని ఎందుకంటున్నానంటే, ఈ కోత మనిషి చేసేది కాదు. లోను తీసుకునేటప్పుడు మాండేట్ అని ఒక కాగితం మీదో ఆన్‌లైన్లోనో ఒప్పుకుంటాం. దాని ప్రకారం నాచ్ అనే పద్ధతిలో ఫైనాన్సు వాళ్లు కంతు ఇంత అని మన బ్యాంకుకు పంపిస్తారు, బ్యాంకు ఖాతాలోంచి తీసి ఇస్తుంది. పూర్వం కంతు ఆదివారమో పండగో పడితే మర్నాటికి జరిగేది, ఒక రోజు ఊపిరి పీల్చుకునేవాళ్లం. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ ఆదివారాలూ సెలవు దినాలూ లేకుండా నడుస్తోంది. పైగా కోత తెల్లవారుజామునే పడుతుంది. ఇండియాలో ఉదయం 6 అంటే కువైట్‌లో 3:30. నేను లేచి, స్నానం చేసి, ఎక్స్ఛేంజి తలుపు తీసేదాకా నిలబడి పంపించినా అప్పటికి అక్కడ అయ్యేది అయిపోయి ఉంటుంది. అందుకని నాకు కంతు 5వ తారీకు కాదు, 3వ తారీకు.

ఇంకో జబ్బు ఉంది మా వాళ్లలో. రేటు జబ్బు. ఫోన్లో దినార్ రేటు చూసుకుంటూ, రేపు ఇంకో రూపాయి పెరుగుతుందని ఆగుతారు. 50 దినార్ల మీద రూపాయి పెరిగితే వచ్చేది 50 రూపాయలు. ఖాతాలో డబ్బు చాలక కంతు ఒకసారి తిరిగిపోతే ఖాతా ఉన్న బ్యాంకు ఒక ఛార్జీ వేస్తుంది, దాని మీద జీఎస్టీ. ఫైనాన్సు వాళ్లు వాళ్ల వంతు బౌన్సు ఛార్జీ వేస్తారు. ఆలస్యమైన రోజులకు అపరాధ రుసుము వేరే. 50 రూపాయల కోసం కాచుకుని వందలు వదిలించుకున్న పెద్దమనుషులు నాకు తెలుసు. ఇంటి ఖర్చుకు పంపేదాని మీద రేటు చూసుకోవచ్చు, కంతు మీద మాత్రం వద్దు.

ఆ అపరాధ రుసుములో ఒక మంచి మార్పు వచ్చింది, మా వాళ్లకు చాలామందికి తెలియదు. పాత రోజుల్లో ఆలస్యానికి వడ్డీనే పెంచేవాళ్లు, ఆ పెరిగిన దాని మీద మళ్లీ వడ్డీ. రిజర్వ్ బ్యాంకు 2023లో దాన్ని ఆపింది. 2024 ఏప్రిల్ నుంచి కొత్త అప్పులకు రుసుము మాత్రమే వెయ్యాలి, దాన్ని అసలులో కలిపి వడ్డీ గుంజకూడదు. స్టేట్‌మెంట్ తెప్పించి ఆ వరస చూసుకుంటే సరిపోతుంది.

బండి సంపాదన ఎట్లా ఉంటుందంటే, మా బామ్మర్దికి అసలు గిరాకీ కువైట్ వాళ్ల రాకపోకలే. సాయంత్రం ఉదయగిరిలో బయల్దేరి, నెల్లూరు దగ్గర హైవే ఎక్కి, రాత్రికి చెన్నై ఎయిర్‌పోర్టు. పోయేటప్పుడు ఏడుపులు, వచ్చేటప్పుడు క్యారియర్ మీద తాళ్లు కట్టిన అట్టపెట్టెలు. తమిళనాడు పర్మిట్, టోలు, డీజిలు పోను మిగిలేది బాగానే ఉంటుంది. పెళ్లిళ్ల కాలంలో బండికి తీరిక ఉండదు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ వస్తే ఆ నాలుగైదు రోజులూ స్వర్ణాల చెరువుకే తిప్పుతాడు. అక్కడ విదేశాలకు పోవాలన్న కోరికతో విదేశీ రొట్టె పట్టుకుని కువైట్ వచ్చినవాళ్లు మా గదిలోనే ఉన్నారు. మధ్యమధ్యలో పెంచలకోన, తిరుమల, ఆసుపత్రి బాడుగలు.

ఆ తర్వాత ఆషాఢం వస్తుంది. ధనుర్మాసం వస్తుంది. ఒక్కో ఏడు మూఢాలు నెలల తరబడి కూర్చుంటాయి. "బావా, ఈ నెల బాడుగలు సరిగ్గా పడలా" అని ఫోను. ఫైనాన్సు వాళ్ల క్యాలెండర్లో మూఢం ఉండదని వాడికీ తెలుసు. మొదట్లో మేమనుకున్న లెక్క, బండి సంపాదించి కంతు కట్టుకోవాలని, తగ్గితే నేను కలపాలని. ఆ ‘తగ్గితే’ అన్నమాట దగ్గరే ప్రతినెలా మాటామాటా వచ్చేది. ఎంత వచ్చింది, డీజిలు ఎంత, టైరు ఎందుకు మార్చావు, అన్నీ నేను అడగాలి, వాడు చెప్పాలి. నడుమ మా ఆవిడ నలిగిపోయేది, అటు తమ్ముడు, ఇటు మొగుడు. ఆ లెక్కనే తీసేశాం. కంతు మొత్తం నేనే పంపుతాను. వాడు బాడుగలు పడినా పడకపోయినా నెలకు ఒక స్థిరమైన మొత్తం వాళ్లక్క చేతిలో పెడతాడు. పైన మిగిలితే వాడిది. ఆ రోజు నుంచి టైర్ల గురించి నేను అడగలేదు, వాటిని వాడే పొదుపుగా వాడుతున్నాడు.

మా కంతు ఒకే ఒకసారి తిరిగిపోయింది. ఆ కథ కువైట్ తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. కంపెనీ నా ఆకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, రెన్యువల్ లేటు చేసింది. కాగితాలు వాళ్ల దగ్గరే, ఫీజు కట్టాల్సింది వాళ్లే, మన చేతిలో ఏమీ ఉండదు. ఆకామా ముగిస్తే సివిల్ ఐడీ, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, ముగుస్తుంది. సివిల్ ఐడీ ముగిస్తే బ్యాంకు కార్డు ఆగిపోతుంది. జీతం పడినట్టు మెసేజీ వచ్చింది, మిషనులో కార్డు పెడితే డబ్బు రాదు. చేతిలో ఉన్న నోట్లు తీసుకుని ఎక్స్ఛేంజికి పోయాను. కౌంటరులో మలయాళీ కుర్రాడు సివిల్ ఐడీ అటూ ఇటూ తిప్పి, తారీకు మీద వేలు పెట్టి చూపించాడు, నోట్లు అద్దం కింది నుంచి వెనక్కి తోశాడు. బయట ఎండ మండిపోతోంది, జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయటి పనులు చేయించకూడదని ఇక్కడ ప్రభుత్వమే ఆపుతుంది, అలాంటి ఎండ. వ్యానులో ఇంకా ముప్పై మంది భోజనాలు ఉన్నాయి.

గదిలో కలిగిరి ఆయన ఉన్నాడు. ఆయన తన ఐడీ మీద కలిగిరిలో వాళ్లావిడ ఖాతాకు పంపాడు. ఆవిడ మా బామ్మర్ది ఖాతాకు వెయ్యాలి. ఆ రాత్రి వాళ్ల ఊళ్లో కరెంటు లేదు, ఫోను చార్జింగు లేదు. తెల్లారేసరికి కోత వచ్చింది, ఖాతాలో లేదు, తిరిగిపోయింది. అంతే జరిగింది. కువైట్‌లో ఒక ఆఫీసు బల్ల మీద ఆగిన ఫైలు ఉదయగిరిలో కారు కంతును ఆపింది.

లోను బామ్మర్ది పేరున ఉంది, గ్యారంటీ సంతకం మా ఆవిడది. అందుకని ఫోన్లు ఆమెకు మొదలయ్యాయి. రాత్రి అన్నం వేళ ఒకడు, పొద్దున్నే ఒకడు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆమెకు అదే చెప్పమన్నాను. "బాకీ కట్టనని అనలా, టైముకు ఫోన్ చెయ్యమంటున్నా" అందట. తర్వాత రాత్రి ఫోన్లు రాలేదు. డబ్బు అందగానే బ్రాంచికి పోయి కట్టించి రసీదు తీసుకోమన్నాను. లేదంటే వాళ్లు అదే కంతుకు రెండోసారి మాండేట్ వేస్తారు, ఇంకో బౌన్సు, ఇంకో ఛార్జీ. గ్యారంటీ సంతకం పెట్టినవాళ్ల సిబిల్ మీద, అంటే అప్పుల చరిత్ర మీద కూడా మచ్చ పడుతుందని ఊళ్లో చాలామందికి తెలియదు, అదేదో సాక్షి సంతకం అనుకుంటారు.

ఆ దెబ్బకు రెండు పనులు చేశాం. కంతుకు ప్రత్యేకంగా ఒక ఖాతా. దానికి ఏటీఎం కార్డు లేదు, ఏ ఫోన్లోనూ యూపీఐ తగిలించలేదు. ఇదే అన్నిటికంటే ముఖ్యం అంటాను నేను. యూపీఐ ఉన్న ఖాతాలో కంతు డబ్బు దాచడం గిన్నె మీద మూత పెట్టకుండా పాలు వదిలేసి పోవడమే. బంకు దగ్గర ఒక స్కాన్, టీ అంగడి దగ్గర ఒక స్కాన్, 5వ తారీకుకు 12,800 ఉంటుంది. 245 తక్కువైనా తిరిగిపోయేది మొత్తం కంతే. రెండోది, ఆ ఖాతాలో ఎప్పుడూ మూడు కంతుల సొమ్ము ఉండేటట్టు చూసుకోవడం. అంత డబ్బు ఊరికే పడి ఉందే అని మా ఆవిడకు బాధ. బంగారం కుదువ పెట్టి కంతు కట్టే ఇళ్లు మా వీధిలో ఎన్ని ఉన్నాయో ఆమెకే బాగా తెలుసు, కాబట్టి పైకి అనదు. ఏడాదికోసారి కట్టాల్సిన బండి బీమా డబ్బు కూడా నెలనెలా కొంచెం అందులోనే వేస్తాను.

మొదటి ఏడాది చివర స్టేట్‌మెంట్ చూసుకుంటే కట్టింది లక్షా 56 వేలు, అసలులో తగ్గింది 95 వేలు. మా వాడు ఫైనాన్సు వాళ్లు మోసం చేశారని తేల్చేశాడు. మోసం కాదు, మొదట్లో బాకీ ఎక్కువ కాబట్టి వడ్డీ ఎక్కువ. మొదటి కంతులో 5,500 వడ్డీకే పోయింది. అప్పుడే ఒక లక్ష అదనంగా కట్టాం. అదనంగా కట్టేటప్పుడు వాళ్లు అడుగుతారు, కంతు తగ్గించమంటారా, నెలలు తగ్గించమంటారా అని. కొందరు అడగకుండా కంతు తగ్గించేస్తారు. కంతు తగ్గితే హాయిగా ఉంటుంది కానీ వడ్డీలో పెద్దగా కలిసిరాదు. మేము కంతు అట్లాగే ఉంచి నెలలు తగ్గించుకున్నాం, 48 మిగిలినవి 37 అయ్యాయి. స్థిర వడ్డీ లోనుల్లో ఇలా ముందు కట్టినందుకు ఛార్జీ ఉంటుంది. అగ్రిమెంటులో ఎంత రాశారో చూసి, మిగిలేదానితో పోల్చుకుని కట్టాలి.

మొన్న మా బామ్మర్ది రెండో బండి మాట ఎత్తాడు. ఏడు సీట్లది అయితే చెన్నై బాడుగకు ఇంకో మూడు వేలు వస్తుందట. ముందు ఈ బండికి బాకీ లేదని ఫైనాన్సు వాళ్లిచ్చే ఎన్ఓసీ చేతికి రానీరా అన్నాను. ఆఖరి కంతు కట్టగానే అయిపోదు, ఫైనాన్సు వాళ్ల సంతకంతో ఫారం 35 తెచ్చి ఆర్‌సీలో వాళ్ల పేరు కొట్టేయించాలి, బీమా పాలసీలో కూడా తీయించాలి. అదంతా అయ్యాక గ్యారంటీ సంతకం సంగతి మీ అక్కను అడుగు అన్నాను. ఇంకా అడిగినట్టు లేదు.